మ్యాక్‌బుక్‌లో ఫైర్‌వైర్ తీసేసినప్పుడు అసలు పోయిందేమిటి?

2008 అక్టోబర్ 14న ఆపిల్ తన కొత్త మ్యాక్‌బుక్‌ను చూపించింది. ఒకే అల్యూమినియం దిమ్మను తొలిచి చేసిన ఒళ్ళు, గాజు ట్రాక్‌ప్యాడ్, మునుపటికన్నా బాగా మెరుగైన గ్రాఫిక్స్. 13 అంగుళాల ల్యాప్‌టాప్‌లో అంత పనితనం అప్పటికి అరుదు. మెచ్చుకోలు గట్టిగానే వచ్చింది. ఎడమ అంచున పోర్టులు లెక్కపెట్టుకున్న కొందరికి మాత్రం గుండె గతుక్కుమంది. ఈథర్నెట్ ఉంది, రెండు యూఎస్‌బీలున్నాయి, బయటి తెరకు మినీ డిస్‌ప్లేపోర్టు ఉంది. కామ్‌కార్డర్లు, హార్డ్ డిస్కులు, ఆడియో పరికరాలు తగిలించుకునే ఫైర్‌వైర్ పోర్టు మాత్రం లేదు.

ఆ కొత్త మ్యాక్‌బుక్ ధర 1,299 డాలర్లు. ఫైర్‌వైర్ కావాలంటే 1,999 డాలర్లు పెట్టి 15 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రో కొనాలి. లేదంటే ఆపిల్ ఇంకా 999 డాలర్లకు అమ్ముతున్న పాత తెల్ల ప్లాస్టిక్ మ్యాక్‌బుక్ తీసుకోవాలి. చవక యంత్రంలో పోర్టు ఉంది, ఖరీదైనదానిలోనూ ఉంది, మధ్యలో మెరుస్తున్నదానిలోనే లేదు. అడిగిన ఓ వినియోగదారుడికి స్టీవ్ జాబ్స్ పేరిట ఒక చిన్న ఈమెయిల్ జవాబు వచ్చిందని అప్పట్లో విస్తృతంగా రాశారు. కొన్నేళ్ళుగా వస్తున్న కొత్త హెచ్‌డీ కామ్‌కార్డర్లన్నీ యూఎస్‌బీ 2నే వాడుతున్నాయన్నది దాని సారాంశం.

ఆ మాటలో పెద్ద అబద్ధమేమీ లేదు. జనానికి మండింది కూడా అందుకే. అడిగినవాళ్ళు కొత్త కామ్‌కార్డర్ కొనబోతున్నవాళ్ళు కారు. అల్మరాలో పాత కామ్‌కార్డర్, దాని పక్కన డబ్బా నిండా క్యాసెట్లు ఉన్నవాళ్ళు. గదిలో ఎనిమిది మైకులు పెట్టి పాట రికార్డు చేసుకునేవాళ్ళు. రేపు మార్కెట్లోకి ఏం వస్తుందన్నది కంపెనీ లెక్క. ఇప్పటికే కొన్నది ఇంకెన్నాళ్ళు పనిచేస్తుందన్నది వీళ్ళ లెక్క. ఇద్దరి మాటా ఎక్కడ తప్పిపోయిందో చూడాలంటే ముందు ఆ తీగ ఏం చేసేదో తెలియాలి.

తీగ పుట్టుక

ఫైర్‌వైర్ ఆపిల్‌లోనే పుట్టింది. 1980ల చివర్లో హార్డ్ డిస్కులు, స్కానర్లు స్కజీ అనే లావుపాటి కేబుళ్ళతో కంప్యూటర్‌కు తగిలించుకునేవి. ఒక్కొక్కదానికి నంబరు పెట్టాలి, చివర టెర్మినేటర్ బిగించాలి, కంప్యూటర్ ఆపి మరీ గుచ్చాలి. ఆ తద్దినం లేకుండా సన్నటి తీగతో పని కానివ్వాలన్నది ఆలోచన. సోనీ, టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్, ఐబీఎం వంటి సంస్థలూ చేయి కలిపాయి. 1995లో అది ఐఈఈఈ 1394 ప్రమాణంగా వచ్చింది. ఆపిల్ దాన్ని ఫైర్‌వైర్ అంది, సోనీ ఐలింక్ అంది, మన దగ్గర కంప్యూటర్ షాపులవాళ్ళు ‘1394 కార్డు’ అన్నారు. మూడూ ఒకటే. ఆరు పిన్నుల మూతికి నమూనా నింటెండో గేమ్‌బాయ్ లింక్ కేబుల్. పిల్లలు ఎంత పీకినా తట్టుకున్న మూతి కదా, ఎంపిక మంచిదే.

అదే 1995లో సోనీ వీఎక్స్ 1000 అనే డిజిటల్ కామ్‌కార్డర్ ఈ పోర్టుతో వచ్చింది. ఆపిల్ 1999 జనవరిలో నీలం, తెలుపు రంగుల పవర్ మ్యాక్ జీ3లో దీన్ని పెట్టింది. అదే ఏడాది అక్టోబరులో ఐమ్యాక్ డీవీ, దానితో ఐమూవీ వచ్చాయి. ఇంట్లో తీసిన వీడియోను కంప్యూటర్‌లోకి దించి, కత్తిరించి, పాట కలిపి మళ్ళీ క్యాసెట్‌కు ఎక్కించడం మామూలు మనిషికి సాధ్యమైంది అప్పుడే. 2001లో మొదటి ఐపాడ్‌కు కూడా ఫైర్‌వైర్ ఒక్కటే దారి. ఆ ఏడాదే అమెరికా టెలివిజన్ అకాడమీ ఫైర్‌వైర్‌కుగాను ఆపిల్‌కు ఇంజనీరింగ్ విభాగంలో ఎమీ అవార్డు కూడా ఇచ్చింది. ఒక కేబుల్‌కు టీవీ అవార్డు!

480 పెద్దదా, 400 పెద్దదా?

ఈ గొడవ వచ్చినప్పుడల్లా ముందు వినిపించే వాదన వేగం గురించి. యూఎస్‌బీ 2.0 సెకనుకు 480 మెగాబిట్లు, ఫైర్‌వైర్ 400 అన్నది పేరులో చెప్పినట్టు సుమారు 400. పెద్దది ఉండగా చిన్నది ఎందుకు అని.

కాగితం మీద అంకె అలా ఉన్నా, హార్డ్ డిస్కు తగిలించి ఫైళ్ళు కాపీ చేస్తే ఫైర్‌వైర్ 400 ముందుండేది. కారణం రెండింటి కాపురం తీరు వేరు కావడం. యూఎస్‌బీలో పెత్తనమంతా కంప్యూటర్‌దే. పరికరం తనంతట తాను నోరు విప్పదు. కంప్యూటర్ ‘ఏమైనా ఉందా?’ అని అడుగుతూ ఉంటే జవాబిస్తుంది, అదీ ఒకసారి ఒకవైపే. ఆ అడగడాలు, చెప్పడాలు తీగ మీద కొంత సమయాన్నీ, ప్రాసెసర్ ఓపికలో కొంతనూ తినేస్తాయి. ఫైర్‌వైర్‌లో అందరిదీ ఒకే హోదా. పరికరం తన వంతు రాగానే సమాచారాన్ని పంపుతుంది. కంప్యూటర్ మెమరీలోకి ప్రాసెసర్‌ను పెద్దగా కదపకుండానే రాసేయగలదు. మధ్యలో కంప్యూటరే లేకపోయినా నడుస్తుంది. రెండు కామ్‌కార్డర్లను ఒక తీగతో కలిపి ఒకదాని క్యాసెట్‌ను మరోదానిలోకి డిజిటల్‌గా, నాణ్యత తగ్గకుండా దించుకోవచ్చు.

రెండో సంగతి, సమయం మీద పూచీ. ఫైర్‌వైర్ ప్రతి సెకనునూ 8,000 ముక్కలు చేస్తుంది. ఒక్కో ముక్క 125 మైక్రోసెకన్లు. వీడియో, ఆడియో లాంటి ఆగకూడని ప్రవాహాలకు ఆ ముక్కలో 80 శాతం దాకా ముందే కేటాయించవచ్చు. మిగిలినది హార్డ్ డిస్కుల్లాంటి తొందరలేని పనులకు. అందువల్ల పక్కన డిస్కు ఎంత హడావుడి చేసినా వీడియో వాటా వీడియోకు అందుతుంది. న్యాయంగా చెప్పాలంటే యూఎస్‌బీలోనూ ఈ తరహా కేటాయింపు ఉంది. 2008 నాటికి మంచి ఆడియో పరికరాలు యూఎస్‌బీ 2తోనూ వస్తున్నాయి. కాబట్టి ‘యూఎస్‌బీకి చేతకాదు’ అన్నవాళ్ళు కాస్త ఎక్కువే మాట్లాడారు.

కరెంటు సంగతి చిన్నదే గాని ఇంటింటికీ తెలిసినది. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది రెండున్నర వాట్లు. చిన్న పోర్టబుల్ డిస్కులు కొన్ని దానితో తిరిగేవి కావు. అందుకే వాటితోపాటు రెండు యూఎస్‌బీ మూతులున్న కేబుల్ వచ్చేది, ఒకటి సమాచారానికి, రెండోది కేవలం కరెంటుకు. రెండే యూఎస్‌బీలున్న మ్యాక్‌బుక్‌కు ఆ కేబుల్ గుచ్చితే ఇక మౌసుకు చోటు లేదు. ఆరు పిన్నుల ఫైర్‌వైర్ ఇంతకన్నా ఎక్కువ కరెంటు ఇచ్చేది కాబట్టి ఒక్క తీగ సరిపోయేది.

ఇంత చెప్పాక అసలు మాట. 2008లో ఏడ్చినవాళ్ళలో ఎక్కువమందికి వేగంతో పనే లేదు.

క్యాసెట్టు, మైకు, చచ్చిన కంప్యూటరు

మినీ డీవీ క్యాసెట్‌లో వీడియో సెకనుకు 3.6 మెగాబైట్లు. గంట క్యాసెట్ దించితే సుమారు 13 గిగాబైట్లు. ఈ మాత్రం ప్రవాహాన్ని యూఎస్‌బీ 2 కూడా కునుకు తీస్తూ మోయగలదు. మరి చిక్కెక్కడ? కెమెరాలో. చాలా మినీ డీవీ కెమెరాలకు యూఎస్‌బీ పోర్టు ఉండేది, కానీ అది మెమరీ కార్డులోని ఫొటోలు దించుకోవడానికో, వెబ్‌క్యామ్‌లా చిన్న మసక బొమ్మ పంపడానికో. క్యాసెట్ మీదున్న అసలు డిజిటల్ వీడియో బయటికి వచ్చే గుమ్మం ఐలింక్ పోర్టు ఒక్కటే. కంప్యూటర్ నుంచే క్యాసెట్‌ను తిప్పడం, వెనక్కి పంపడం, టైమ్‌కోడ్ చదవడం కూడా ఆ తీగ మీదే జరిగేవి. అది లేకపోతే మిగిలేది పసుపు, ఎరుపు, తెలుపు మూతుల ఏవీ కేబుల్. క్యాసెట్ మీద డిజిటల్‌గా ఉన్నదాన్ని అనలాగ్ చేసి, మళ్ళీ డిజిటల్ చేసుకోవాలి. దించినట్టే ఉంటుంది, రంగూ పదునూ కొంత దారిలోనే పోతాయి.

కొత్త కెమెరాలు యూఎస్‌బీతో వస్తున్నాయన్న జవాబు ఇక్కడ పనికిరాకపోయింది అందుకే. కొత్త కెమెరా కొన్నా అది పాత క్యాసెట్‌ను తిప్పదు కదా.

ఇక సంగీతం చేసుకునేవాళ్ళు. 2001లో మోటు కంపెనీ 828 అనే ఆడియో ఇంటర్‌ఫేస్‌ను, అంటే మైకులను, వాయిద్యాలను కంప్యూటర్‌కు కలిపే పెట్టెను, ఫైర్‌వైర్‌తో తెచ్చింది. ల్యాప్‌టాప్‌కే ఎనిమిది అనలాగ్ చానళ్ళు తగిలించుకునే వీలు దాంతో కలిగింది. తర్వాత జర్మనీకి చెందిన ఆర్‌ఎంఈ, ఇంకా ఫోకస్‌రైట్, ప్రీసోనస్ వంటివన్నీ ఆ బాటే పట్టాయి. ఒకేసారి పలు చానళ్ళు రికార్డు చేయాలంటే 2008లో దొరికేవాటిలో చాలావరకు ఫైర్‌వైరే. వీటి ధర ల్యాప్‌టాప్ ధరతో పోటీపడేది. చిన్న స్టూడియో మనిషి మ్యాక్‌బుక్ మార్చాలంటే ఇంటర్‌ఫేస్ కూడా మార్చుకోవాలన్నమాట. ఆపిల్ అప్పుడు పాటలు రికార్డు చేసుకునే గ్యారేజ్‌బ్యాండ్ సాఫ్ట్‌వేర్‌ను ప్రతి మ్యాక్‌తో ఉచితంగా ఇస్తోంది, దాని పెద్దన్న లాంటి లాజిక్‌ను డబ్బుకు అమ్ముతోంది. సాఫ్ట్‌వేర్ విభాగం రమ్మని పిలుస్తుంటే హార్డ్‌వేర్ విభాగం తలుపు మూసింది.

మూడోది నాకు అన్నిటికన్నా ముచ్చటైనది, టార్గెట్ డిస్క్ మోడ్. మ్యాక్ ఆన్ చేస్తూ ‘టీ’ మీట నొక్కి పట్టుకుంటే అది కంప్యూటర్‌గా లేవదు, ఉత్త బయటి హార్డ్ డిస్కులా మారిపోతుంది. తెర మీద ఫైర్‌వైర్ గుర్తు అటూఇటూ తేలుతూ కనిపిస్తుంది. ఇంకో మ్యాక్‌కు తీగ కలిపితే లోపలి ఫైళ్ళన్నీ చేతికొస్తాయి. ఆపరేటింగ్ సిస్టమ్ పాడైపోయినా, తెర పగిలిపోయినా సరే. రిపేరు చేసేవాళ్ళకు ఇది సంజీవని. కొత్త మ్యాక్‌బుక్‌లో అదీ పోయింది. పాత మ్యాక్ నుంచి కొత్తదానికి ఫైళ్ళు మార్చుకోవడానికి ఈథర్నెట్, వైఫై ఉన్నాయన్నారు. ఉన్నాయి, కానీ రెండు వైపులా కంప్యూటర్లు బతికుంటేనే. కొసరు ఊరట ఏమిటంటే, ఆ మ్యాక్‌బుక్‌లో బ్యాటరీ మూత తీస్తే హార్డ్ డిస్కు చేతికందేది. ఈ రోజుల్లో అదీ లేదు.

ఆపిల్ ఎందుకు చేసిందీ పని?

కుట్ర అనుకోనక్కర్లేదు. కారణాలు కొన్ని తేలిగ్గానే కనిపిస్తాయి. టేపు కెమెరాల కాలం నిజంగానే అయిపోతోంది. 2006లో సోనీ, పానసోనిక్ కలిసి ఏవీసీహెచ్‌డీ తెచ్చాయి. వీడియో ఫైలుగా కార్డు మీదకో డిస్కు మీదకో వచ్చేసింది, దాన్ని యూఎస్‌బీతో కాపీ చేసుకోవడమే. ఫైర్‌వైర్‌కు బోర్డు మీద విడిగా ఒక చిప్పు కావాలి, దానికి డబ్బూ చోటూ కావాలి. యూఎస్‌బీ మాత్రం చిప్‌సెట్‌లోనే, అంటే ప్రాసెసర్ పక్కన ఎలాగూ ఉండే చిప్పుల్లోనే, కలిసి వస్తుంది.

అది చిప్‌సెట్‌లో కలిసి రావడం వెనక పాత కథ ఒకటుంది. 1999లో ఆపిల్ ఫైర్‌వైర్ పేటెంట్లకు పోర్టుకు ఒక డాలర్ చొప్పున రాయల్టీ అడిగింది. పరిశ్రమ అంతా గగ్గోలు పెట్టింది. కొన్ని నెలల్లోనే పేటెంట్లున్న కంపెనీలన్నీ కలిసి దాన్ని మొత్తం యంత్రానికి 25 సెంట్లకు దించాయి. కానీ అప్పటికే మనసు విరిగింది. ఫైర్‌వైర్‌ను తన చిప్‌సెట్లలో పెట్టే ఆలోచన మానుకుని ఇంటెల్ యూఎస్‌బీ 2.0 మీద పడింది. ఆ ప్రమాణం 2000లో వచ్చింది, దాదాపు ప్రతి పీసీలోకీ ఉచితంగా వెళ్ళిపోయింది. రాయల్టీ ఒక్కటే కారణమని నేననను. కీబోర్డుకూ మౌసుకూ ఎలాగూ యూఎస్‌బీ కావాలి, అదే తీగ డిస్కుకూ సరిపోతే తయారీదారు రెండో చిప్పు ఎందుకు కొంటాడు? కానీ పోర్టుకు డాలర్ అడిగిన కంపెనీయే తొమ్మిదేళ్ళకు ‘అందరూ యూఎస్‌బీ వాడుతున్నారు’ అంటుంటే వినేవాళ్ళకు ఒళ్ళు మండదా?

ఆపిల్ సొంత ఇంట్లో కూడా జారుడు ముందే మొదలైంది. 2003లో ఐపాడ్‌కు యూఎస్‌బీ కూడా వచ్చింది. 2005 నాటి నానోలో, వీడియో ఐపాడ్‌లో ఫైర్‌వైర్‌తో పాటలు ఎక్కవు, చార్జింగ్ మాత్రమే. 2008లో ఐఫోన్ 3జీ, ఆ తర్వాతి కొన్ని ఐపాడ్‌లు వచ్చేసరికి వాటిలో ఆ చార్జింగ్ కూడా పోయింది. ఫైర్‌వైర్ పిన్నుల మీద కరెంటు ఇచ్చే కారు చార్జర్లు, స్పీకర్ డాకులు కొన్నవాళ్ళకు ఈ యాక్సెసరీతో చార్జింగ్ కుదరదన్న సందేశం కనిపించింది. డాకులో మూతి సరిగ్గానే కూర్చుంటుంది, పాట కూడా వస్తుంది, బ్యాటరీ మాత్రం నిండదు. చూడగానే తెలిసే తేడా అయితే కొనేటప్పుడే జాగ్రత్తపడతారు. ఇది అలాంటిది కాదు.

ఇంకో అనుమానం అందరూ పైకే అన్నారు, ‘ప్రో’ కొనిపించడానికే ఈ పని అని. ఆపిల్ అలా చెప్పలేదు కాబట్టి నిరూపించలేం. కానీ తర్వాత జరిగింది చూడండి. ఎనిమిది నెలలకు, 2009 జూన్‌లో, అదే 13 అంగుళాల అల్యూమినియం యంత్రం ‘మ్యాక్‌బుక్ ప్రో’ అని పేరు మార్చుకుని వచ్చింది. ఫైర్‌వైర్ తిరిగొచ్చింది, అదీ ఇంకా వేగమైన ఫైర్‌వైర్ 800 రకం, ఎస్‌డీ కార్డు స్లాటూ చేరింది, ధర 1,199 డాలర్లకు తగ్గింది. చోటు చాలకే తీశారనుకున్నవాళ్ళకు అదే ఒంట్లో చోటు ఎలా దొరికిందో అర్థం కాలేదు. ఈ మధ్యలో 1,299 పెట్టి కొన్నవాళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు. అదే ఏడాది అక్టోబరులో వచ్చిన కొత్త తెల్ల మ్యాక్‌బుక్‌లో మాత్రం ఫైర్‌వైర్ పీకేశారు. పోర్టు అప్పటికి ‘ప్రో’ అన్న పేరుతో పాటు అమ్మే సరుకైపోయింది.

ఆపిల్ ఇలా తీసి, తర్వాత నోరెత్తకుండా తిరిగి పెట్టడం అదే ఆఖరు కాదు. 2016లో మ్యాక్‌బుక్ ప్రోలో హెచ్‌డీఎంఐ, ఎస్‌డీ కార్డు స్లాటు, అయస్కాంతంతో అంటుకునే మ్యాగ్‌సేఫ్ చార్జింగ్ మూతి తీసేసింది. 2021లో మూడూ తిరిగొచ్చాయి.

తీసేయడంలో రకాలు

పాతదాన్ని వదిలించుకోవడమే తప్పంటే ఒప్పుకోను. 1998లో ఐమ్యాక్ వచ్చినప్పుడు ఫ్లాపీ, స్కజీ, పాత సీరియల్ పోర్టులు అన్నీ ఒకేసారి పోయాయి. అప్పుడూ తిట్టారు. కానీ ఆ యంత్రంలో యూఎస్‌బీ ఉంది. దానికి తగిలించే ఫ్లాపీ డ్రైవులు బయటి కంపెనీలు వెంటనే తెచ్చాయి. డబ్బు ఖర్చయింది గాని పని ఆగలేదు. 2012లో రెటినా తెర మ్యాక్‌బుక్ ప్రో ఫైర్‌వైర్ లేకుండా వచ్చినప్పుడు ఆపిల్ 29 డాలర్లకు థండర్‌బోల్ట్ నుంచి ఫైర్‌వైర్‌కు అడాప్టర్ అమ్మింది. ఎవరూ పెద్దగా ఏడవలేదు.

2008 మ్యాక్‌బుక్‌కు అలాంటి అడాప్టర్ ఎందుకు రాలేదు? చేయడం కుదరదు గనక. థండర్‌బోల్ట్ అంటే కంప్యూటర్ లోపల చిప్పులు, కార్డులు మాట్లాడుకునే పీసీఐ ఎక్స్‌ప్రెస్ దారినే తీగ మీదుగా బయటికి తేవడం. కాబట్టి అడాప్టర్‌లో ఒక అసలైన ఫైర్‌వైర్ చిప్పు పెడితే అది కంప్యూటర్ లోపలే ఉన్నట్టు నడుస్తుంది. యూఎస్‌బీ 2 అలాంటిది కాదు. పరికరం నేరుగా మెమరీలో రాయడం, తన వంతు తానే తీసుకోవడం లాంటివన్నీ ‘అడిగితేనే చెప్పు’ అనే యూఎస్‌బీ మీద కుదరవు. 15 అంగుళాల ప్రోలో ఎక్స్‌ప్రెస్‌కార్డ్ స్లాటు ఉండేది, అవసరమైతే దానిలో కార్డు గుచ్చుకోవచ్చు. 13 అంగుళాలదానిలో అదీ లేదు. థండర్‌బోల్ట్ మ్యాక్‌లలోకి వచ్చింది 2011 ఫిబ్రవరిలో. అంటే ఆ మ్యాక్‌బుక్ కొన్న మనిషికి పోర్టు పోయిన రోజున ఎంత డబ్బు పెట్టినా దారి లేదు. నా దృష్టిలో 2008 నిర్ణయంలో తప్పు అక్కడుంది. ఫైర్‌వైర్‌కు వయసైపోయిందన్నది నిజం. దాన్ని సాగనంపడానికి ఎంచుకున్న రోజే తప్పు.

ఇక్కడే ఒక హెచ్చరిక. ఒక కొసన యూఎస్‌బీ, మరో కొసన నాలుగు పిన్నుల 1394 మూతి ఉన్న చవక కేబుళ్ళు ఆన్‌లైన్‌లో ఇప్పటికీ అమ్ముతున్నారు. లోపల చిప్పు ఉండదు, తీగను తీగకు అతికించడమే. కామ్‌కార్డర్ క్యాసెట్ దానితో దిగదు. ఆరు పిన్నుల రకమైతే ఇంకా ప్రమాదం. ఫైర్‌వైర్ ఇచ్చే వోల్టేజీ యూఎస్‌బీ ఐదు వోల్టులకన్నా బాగా ఎక్కువ కాబట్టి ఏదో ఒక పక్క పోర్టు కాలిపోవచ్చు.

ఫైర్‌వైర్‌ను నెత్తిన పెట్టుకునేవాళ్ళు చెప్పని సంగతి కూడా ఒకటుంది. పరికరం నేరుగా మెమరీలోకి వెళ్ళగలగడం గొప్పే, ఆ పరికరం దొంగదైతే? తెర లాక్ చేసి ఉన్నా ఫైర్‌వైర్ తీగ గుచ్చి మెమరీ చదివేయవచ్చని భద్రతా పరిశోధకులు 2000ల మధ్యలోనే చేసి చూపించారు. థండర్‌బోల్ట్‌కూ ఆ జబ్బు అంటుకుంది. పరికరం ఏ మెమరీని తాకొచ్చో హద్దు పెట్టే ఏర్పాట్లు కంప్యూటర్లలో తర్వాత వచ్చాయి.

మన స్టూడియోల్లో

2008 రగడ ఆంధ్ర, తెలంగాణ పెళ్ళి వీడియోలవాళ్ళను నేరుగా తాకలేదు. ఇక్కడ మిక్సింగ్ చాలావరకు పీసీల మీద, ఎడియస్, ప్రీమియర్ లాంటి సాఫ్ట్‌వేర్లతో నడిచేది. కెమెరా పానసోనిక్ ఎండీ 10000 కావచ్చు, సోనీ పీడీ 170 కావచ్చు. పీసీఐ స్లాటులో 1394 కార్డు గుచ్చి క్యాసెట్ దించుకునేవాళ్ళు. పెళ్ళి మూడు గంటలుంటే క్యాప్చర్ మూడు గంటలు, మధ్యలో ఫ్రేములు జారిపోతే మళ్ళీ మొదటికి. ఆపిల్ ఏం తీసిందో వాళ్ళకు పట్టలేదు. కార్డు పోతే ఇంకో కార్డు వచ్చేది. ఒక కంపెనీ చేతిలో మొత్తం యంత్రం ఉండటానికీ, స్లాటులున్న డబ్బా మన చేతిలో ఉండటానికీ తేడా ఇదే.

అదే ముడి వాళ్ళకు మెల్లగా, వేరే దారిన వచ్చింది. కెమెరాలు కార్డులకు మారాయి, పీసీలు మారాయి, పాత పీసీఐ స్లాటు లేని మదర్‌బోర్డులు వచ్చాయి. ల్యాప్‌టాప్‌ల పక్కనుండే నాలుగు పిన్నుల పోర్టు చప్పుడు లేకుండా మాయమైంది. అది ఎప్పుడు పోయిందో ఎవరూ గమనించలేదు, అప్పటికి దాని అవసరం ఎవరికీ లేదు మరి. ఇప్పుడు పాతికేళ్ళ నాటి పెళ్ళి క్యాసెట్ పట్టుకుని, అమెరికాలో ఉన్న అబ్బాయికి పంపాలి, పెన్‌డ్రైవ్‌లో వేసివ్వండి అని వచ్చేవాళ్ళకు ఆ అవసరం పడింది. అటువైపూ అంతే. 2000లలో అమెరికా వెళ్ళి అక్కడ హ్యాండీక్యామ్ కొని పిల్లల పుట్టినరోజులు తీసుకున్న తెలుగు కుటుంబాల దగ్గరా క్యాసెట్లున్నాయి, వాటిని చదివే పోర్టు లేదు.

ఇప్పుడు ఎక్కడుంది?

ఫైర్‌వైర్ ఉన్న ఆఖరి మ్యాక్ ల్యాప్‌టాప్, 2012 నాటి 13 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రో. దాన్ని 2016 దాకా అమ్మారు. తర్వాతి మ్యాక్‌లలో అడాప్టర్ల గొలుసు కట్టాలి. యూఎస్‌బీ-సీ ఆకారపు థండర్‌బోల్ట్ 3 నుంచి థండర్‌బోల్ట్ 2కు ఒకటి, అక్కడి నుంచి ఫైర్‌వైర్ 800కు ఇంకొకటి, చివర కెమెరాకు నాలుగు పిన్నుల కేబుల్. చూడ్డానికి నవ్వొచ్చినా, ఆపిల్ సొంత చిప్పులున్న మ్యాక్‌లతో సహా పనిచేసింది. 2025లో వచ్చిన మ్యాక్‌ఓఎస్ టాహో దాకా. ఆ వెర్షన్‌లో ఫైర్‌వైర్ మద్దతునే తీసేశారు. ఈసారి పోయింది పోర్టు కాదు, దాన్ని అర్థం చేసుకునే సాఫ్ట్‌వేర్. అడాప్టర్ గుచ్చినా కంప్యూటర్ గుర్తుపట్టదు. చూపించడానికి బొక్క కూడా లేదు కాబట్టి ఈ పోవడం మీద 2008 నాటి గోలలో వందో వంతు కూడా లేవలేదు.

లినక్స్ కెర్నెల్‌లో ఫైర్‌వైర్ భాగాన్ని చూసుకునేవాళ్ళు 2029 దాకా కొనసాగిస్తామన్నారు, ఈలోగా వేరేదానికి మారమంటున్నారు. తప్పుకునే తేదీని ఏళ్ళ ముందే చెప్పడం ఈ కథ మొత్తంలో నాకు కనిపించిన మర్యాదైన పని. విచిత్రమేమిటంటే ఇంటి కంప్యూటర్లలో కాలం చెల్లిన ఈ ప్రమాణం ఎఫ్-35 యుద్ధవిమానంలో ఇంకా ఎగురుతోంది. సమయానికి అందాలన్న పూచీ అక్కడ నేటికీ విలువైనదే.

క్యాసెట్లు దించుకోవాలనుకునేవాళ్ళు కంప్యూటర్ కోసం ముందు వెతక్కండి. ఖాళీ పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటున్న డెస్క్‌టాప్‌కు 1394 కార్డు ఇప్పటికీ దొరుకుతుంది. విండోస్‌లో విన్‌డీవీ, లినక్స్‌లో డీవీగ్రాబ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లు ఆ పని చేసిపెడతాయి. టాహోకు మారని పాత మ్యాక్ ఉంటే అదీ సరే, దాన్ని అప్‌డేట్ చేయకుండా పక్కన పెట్టుకోండి. అన్నిటికన్నా కరువైనది టేపును సరిగ్గా తిప్పే కెమెరా. హెడ్లు అరిగిపోయినవి, మూత తెరుచుకోనివే ఎక్కువ కనిపిస్తాయి. కోస్తా తేమలో క్యాసెట్లకు బూజు కూడా పడుతుంది, బూజున్న క్యాసెట్ పెడితే ఉన్న ఒక్క కెమెరా హెడ్డూ పాడవుతుంది. కాబట్టి ముందు కెమెరా, తర్వాత క్యాసెట్ల పరిస్థితి, ఆ తర్వాతే కేబుల్. ఆ కేబుల్‌ను మాత్రం కెమెరా, కంప్యూటర్ రెండూ ఆఫ్‌లో ఉండగానే గుచ్చండి. ఆన్‌లో ఉండగా గుచ్చి డీవీ పోర్టు కాల్చుకున్న కెమెరాలు ఆ రోజుల్లోనే చాలా ఉన్నాయి, ఇప్పుడు దాన్ని బాగుచేసే మెకానిక్ దొరకడు.